మర డ్రైవరు దాచుకుని తిన్న కూడు

ముందే తప్పు ఒప్పుకుంటే తర్వాత తిట్లు సగం తగ్గుతాయని మా అమ్మ అంటుంది. అందుకని ఒప్పేసుకుంటున్నాను. 1962 ఫాల్గుణంలో, కొత్త వడ్లు మరకు వచ్చే రోజుల్లో, ఇంజను షెడ్డు వెనక గోనెపట్టా చాటున ఉన్న నాగుల్ మీరా అన్న క్యారేజీని ఎత్తుకొచ్చి, గంపలు పెట్టుకుని వరసలో కూర్చున్న పాతికమంది ఆడవాళ్ల ముందు మూత తీసింది నేనే. నా పేరు చెంచురామయ్య, అప్పటికి పందొమ్మిదేళ్లు. పొట్లాల కాగితాలు చదివి సంపాదించిన చదువు, దానికి పదింతల నోరు. రోజూ మధ్యాహ్నం ఆయన ఒక్కడే గోడ వైపు తిరిగి కూర్చుని తింటాడు గనక లోపల బిర్యానీ ఉంటుందని పందెం కాశాను. బిర్యానీ లేదు. లోపల ఉన్నదాన్ని పదిమందీ చూడటంతో ఆ మనిషి పని ఊడేదాకా వచ్చింది.

అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మా ఊరు ఇందుకూరుపేట నుంచి మైపాడు సముద్రానికి పోయే దారిలో ఉంటుంది. నాగుల్ మీరా తండ్రి ఆ దారిలో జట్కా తోలేవాడు. పోయేటప్పుడు మనుషులు, వచ్చేటప్పుడు చేపల గంపలు. అందుకే ఆ బండెక్కి పెళ్లికి వెళ్లినవాళ్ల పట్టుచీరలు కూడా నెత్తళ్ల వాసన కొట్టేవి. కొడుక్కి గుర్రమంటే భయం. పదహారో ఏట బిట్రగుంటకు పారిపోయి రైలింజన్ల షెడ్డులో మసిగుడ్డ పట్టుకున్నాడు. నాలుగేళ్లు ఇంజన్లు తుడుస్తూ తుడుస్తూ వాటి రోగాలన్నీ నేర్చుకున్నాడు. 1956లో పద్మనాభయ్య మా ఊళ్లో బియ్యం మర పెట్టి, ఆయిలింజను దింపి, దాన్ని నడిపే మనిషి కోసం వెతుకుతుంటే ఎవరో నాగుల్ మీరా పేరు చెప్పారు. వచ్చాడు, ఇంజను మీద చెయ్యి వేశాడు, చెవి పెట్టాడు, "దీనికి జలుబు చేసుండాదయ్యా" అన్నాడు. ఆ సాయంత్రమే అది ఊరంతా వినపడేలా కొట్టుకుంది. ఆ రోజునుంచి ఆయన మర డ్రైవరు.

మర రాకముందు మా వైపు బియ్యమంటే దంచుకున్నవే. తెల్లవారకముందే ఇంటింటా రోకళ్లు మొదలయ్యేవి. ఆడవాళ్ల అరచేతుల్లో కాయలు కాసి ఉండేవి. మర వచ్చి వాటిని మాన్పించింది. అందుకే మరంటే వాళ్లకు ప్రాణం. గంప తీసుకెళ్తే గంటలో పని అయిపోతుంది. పైగా ఆ బియ్యం దంచిన బియ్యంలా మట్టిరంగులో ఉండవు. నాగుల్ మీరా వడ్లు ఒలిచే హల్లర్‌లో కత్తి బిగించి, ఒకసారి ఆడిన వాటినే మళ్లీ పోసి, మూడో పట్టు కూడా వేశాడంటే మొలకొలుకుల బియ్యం మల్లెమొగ్గల్లా రాలేవి. నెల్లూరు నుంచి వచ్చిన చుట్టాలు కూడా "ఎవరబ్బా మీ డ్రైవరు?" అని అడిగేవాళ్లు. గింజ మీది పొరంతా తవుడైపోయేది. తవుడు మరకే వదిలెయ్యడం ఆనవాయితీ. పద్మనాభయ్య బర్రెలు ఆ తవుడు తిని ఏనుగు పిల్లల్లా ఉండేవి.

నాగుల్ మీరాకు గర్వం వచ్చింది. ఆ గర్వంలో ఆయన మొదట చేసిన పని ఇంట్లో రోకలిని అటక ఎక్కించడం.

"మర డ్రైవరు పెళ్లాం వడ్లు దంచితే నలుగురూ నవ్వరా?" అన్నాడు భార్య జైతూన్‌బీతో.

ఆమె సంతోషంగా ఒప్పుకుంది. దంచేది ఆమె కదా మరి. మూడు పట్ల తెల్లబియ్యం వండటం మొదలుపెట్టింది. మా వైపు అలవాటు ప్రకారం నీళ్లు తేటపడేదాకా నాలుగుసార్లు కడిగేది. ఉడికాక గంజి వార్చి పారబోసేది. పొద్దున తినే సద్దికూడు కూడా మానేశారు. సద్ది కూలోళ్ల తిండి, డ్రైవరు ఇంటికి హోటలు నుంచి ఇడ్లీ వస్తుంది. రాగి సంగటి సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఆ ఇంటి గడప తొక్కితే ఒట్టు. ఇలా రెండేళ్లు పైగా గడిచింది.

ఒక సాయంత్రం ఆయన మర నుంచి ఇంటికి రాగానే జైతూన్‌బీ వాకిట్లోనే ఆపేసింది.

"ఇంకో చెప్పు ఏదయ్యా?"

కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలికి చెప్పు ఉంది, కుడి కాలికి లేదు. ఎక్కడ జారిందో తెలియదు. కాలు ఉత్త నేల మీద నడుస్తున్నట్టు కూడా తెలియలేదు. వెనక్కి వెళ్లి చూస్తే పంటకాలవ గట్టు మీద ఉంది. నవ్వుకుని తొడుక్కున్నాడు. రెండు రోజులకు మళ్లీ జారింది. ఈసారి నవ్వలేదు.

తర్వాత సాయంత్రమయ్యేసరికి పాదాలు పొంగేవి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. హల్లర్‌లో వడ్లు పోయడానికి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. అరికాలి కింద ఎవరో దూది పరిచినట్టుండేది. పద్మనాభయ్యకు తెలియకూడదని పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి ఇంజను దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. ఒకరోజు అలా కూర్చుని ఉండగా ఏదో కాలుతున్న వాసన వచ్చింది. బెల్టేమోనని చూశాడు, బాగానే ఉంది. చివరికి చూసుకుంటే తన పాదమే, ఇంజను పొగగొట్టానికి ఆనుకుని ఉంది. చర్మం కాలిపోయింది. నొప్పి మాత్రం లేదు.

ఇంజను పక్కన బతికే మనిషికి అంతకంటే భయం ఇంకేముంటుంది? రేపు బెల్టు కింద కాలు పడ్డా తెలియదు. ఆ మర్నాడే నెల్లూరు బస్సెక్కాడు.

నెల్లూరులో డాక్టరు గారు ముసలాయన. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు కదల్లేదు. ఇంకోసారి కొట్టి, "ఏం తింటావయ్యా?" అని అడిగాడు.

నాగుల్ మీరా ఛాతీ విరుచుకున్నాడు. "మా మర బియ్యమే డాక్టరు గారూ. మూడు పట్లు. మల్లెమొగ్గలే."

"గంజి?"

"వార్చేస్తాం."

"తవుడు ఎవరికి పోతుంది?"

"మా అయ్యగారి బర్రెలకి."

"బర్రెల కాళ్లు ఎట్టుండాయి?"

నాగుల్ మీరా తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "బ్రమ్మాండంగా ఉండాయండీ" అన్నాడు.

"అదీ సంగతి" అని డాక్టరు గారు సూది తీశాడు. సూదులు ఒక వరస వేశాడు. పొర తీసెయ్యని బియ్యం తినమన్నాడు. తక్కువ కడిగి, గంజి పారబొయ్యకుండా ఇగరబెట్టమన్నాడు. పప్పు, ఆకుకూర, చేప, గుడ్డు, ఏది దొరికితే అది పక్కన ఉండాలన్నాడు. "మందు సీసాలో కొంచెమే ఉంటుంది. మిగతాది మీ రోట్లో ఉంది" అన్నాడు.

రోకలి అటక దిగింది. జైతూన్‌బీ దాన్ని దించి కింద గట్టిగా పెట్టింది. రెండు నెలలకు పొంగు పోయింది. నాలుగో నెలలో ఒకరోజు ఆయన కాల్లో తుమ్మముల్లు గుచ్చుకుంది. "అబ్బా!" అని అరిచి, అక్కడే నడివీధిలో కూర్చుని, ముల్లు తియ్యకుండా నవ్వాడట. ఈ ముక్క నాకు జైతూన్‌బీ అక్క చెప్పింది.

బాగయ్యాక ఆయన వెళ్లి పద్మనాభయ్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. అంతా విని పద్మనాభయ్య ఒకటే అన్నాడు.

"నీ కాళ్లు బాగయినాయి కదా? సంతోషం. ఈ మాట మర గడప దాటనియ్యబాక."

ఆయన చెడ్డవాడని కాదు. తెల్లదనమే ఆ మర పేరు. డ్రైవరే తెల్లబియ్యం తిని మంచాన పడ్డాడంటే ఇంక గంప ఎవరు తెస్తారు? అందుకే తలుపేసుకుని దంచడం, అందుకే గోనెపట్టా, అందుకే గోడ వైపు తిరిగి తినడం. మూడేళ్లు నడిచింది. అప్పుడు నేను తగలడ్డాను.

ఎర్రగా, పొరతో ఉన్న ముడిబియ్యం అన్నం. మీద చింతచిగురు పప్పు. పక్కన వేయించిన ఎండు నెత్తళ్లు నాలుగు. అన్నం చూసి నేను మొహం చిట్లించాను. వరసలో ముందున్న పెంచలమ్మ వంగి చూసింది. ఆమెకు రెండెకరాల పొలముంది, నోరు మాత్రం ఇరవై ఎకరాలంత.

"ఇదేందబ్బా! ఇది దంచిన బియ్యం గదా? మర డ్రైవరు మర బియ్యం తినడా?"

"కల్లమ్మేటోడు తాగడుమే" అంది వెనకనుంచి ఇంకొకామె. నవ్వులు. నవ్వు మధ్యలో ఒకామె తన గంప చూసుకుని నవ్వు ఆపేసింది. అప్పుడే నాగుల్ మీరా ఇంజను ఆపి బయటికి వచ్చాడు. నా చేతిలో క్యారేజీ చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. మూత తీసుకుని గిన్నె మీద పెట్టి, లోపలికి పోయాడు.

సాయంత్రానికి పద్మనాభయ్య పిలిపించాడు.

"మీరా, రేపు శుక్రవారం. పేట నుంచి కూడా గంపలొస్తాయి. రేపు మధ్యాన్నం నువ్వు మర వాకిట్లో కూర్చుని అందరి ముందరా మన మర బియ్యం అన్నం తినాల. తింటే ఈ గోల ఈడితో సరి. తినకపోతే స్పానర్లు పెట్టేసి పో."

నాగుల్ మీరా తలూపి ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుని, తన పాదాలు తానే చూసుకుంటూ ఉండిపోయాడు. జైతూన్‌బీ విషయమంతా విని చేటలో వడ్లు చెరగడం ఆపలేదు.

"ఒక్క పూట తింటే చస్తావా ఏంది?"

"చావను."

"తినరాదా మరి? తిని నవ్వు మొహం పెట్టు. ఎల్లుండి మళ్లా మన కూడు మనం తిందాం."

"కాళ్లకేం కాదు జైతూన్. నేను తింటే పాతికమంది చూస్తారు. ఆ డ్రైవరు తింటుండాడు కదా అని పొయ్యి పిల్లోళ్లకి పెట్టుకుంటారు. మూడేళ్లు నోరు మూసుకుని ఉండినా. అది వేరే. రేపు నోరు తెరిచి అబద్ధం తినాల."

"పని పోతే ఏం తింటావు? మీ నాయన గుర్రం కూడా లేదు."

ఆమె చేట కింద పెట్టింది.

"నీ కాళ్ల కోసం నా భుజాలు అరిగిపోయినాయి. మూడేళ్లుగా దంచుతుండా. ఊళ్లో ఆడోళ్లంతా గంప తీసుకుని మరకి పోతుంటే డ్రైవరు పెళ్లాన్ని నేనొక్కదాన్నే రోకలి పట్టుకునుండా. ఒక్క మాట చెప్పు. ఆ మరలో కత్తి బిగించేది ఎవరు?"

"నేనే."

"వదులు చేసేది?"

నాగుల్ మీరా తలెత్తాడు.

"నాలుగేళ్లు రైలింజన్లు తుడిచినోడివి. పొట్టు తీసి పొర వదిలేట్టు ఆ కత్తిని పెట్టలేవా? బిగించేదానికేనా నీ చేతులు?"

ఈ ఆలోచన మూడేళ్లలో తనకెందుకు రాలేదో ఆయనకు ఇప్పటికీ తెలియదు. తెల్లగా ఆడించడమే పనితనం అని ఏడాది తర్వాత ఏడాది పేరు తెచ్చుకున్నవాడికి తక్కువ ఆడించడం కూడా పనే అని తోచలేదు.

శుక్రవారం పొద్దు పొడుస్తూనే తన ఇంటి వడ్లు ఒక గంప నెత్తిన పెట్టుకుని మరకు పోయాడు. కత్తి వదులు చేసి ఒక గిద్దెడు పోశాడు. సగం వడ్లు వడ్లలాగే బయటికొచ్చాయి. కొంచెం బిగించాడు. మరీ తెల్లబడ్డాయి. మళ్లీ వదిలాడు. గింజ తీసి వెలుతురుకు పట్టుకుని, కొరికి, తలాడించి, మళ్లీ ఒక అరవాసి తిప్పాడు. ఏడోసారికి కుదిరింది. ఒక్క పట్టు. పొట్టు పోయింది, ఎర్రపొర చాలావరకు నిలిచింది. అక్కడక్కడా వడ్లగింజలు మిగిలాయి. వాటిని జైతూన్‌బీ వచ్చి ఏరుకుంది. అక్కడే ఎసరు పెట్టెయ్యడమొక్కటే తక్కువ, ఇంటికి పరుగెత్తి వండి తెచ్చింది.

మధ్యాహ్నానికి మర ముందు జాతరలాగుంది. నేను కూడా ఉన్నాను, కాకపోతే చివర్న, పారిపోవడానికి వీలుగా. పద్మనాభయ్య కుర్చీ వేసుకున్నాడు. నాగుల్ మీరా వాకిట్లో పీట వేసుకుని, చేతులు కడుక్కుని, బిస్మిల్లా అని మూత తీశాడు.

అదే ఎర్రన్నం.

పద్మనాభయ్య కుర్చీలోంచి లేచాడు. "ఏందిరా ఇది? నేను చెప్పిందేంది, నువ్వు తెచ్చిందేంది?"

"మన మర బియ్యమేనయ్యా. తెల్లార్తో నేనే ఆడించినా. రోకలి తగిలితే ఒట్టు. ఊక అదో, ఆడనే ఉండాది, చూసుకోండి."

"మన మర బియ్యం ఇట్టుంటయ్యా?"

"కత్తి బిగిస్తే అట్టుంటయ్, వదిలితే ఇట్టుంటయ్. మర మనదే కదయ్యా."

ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం కూడా నెమ్మది, ముడిబియ్యం కదా. అందరూ ఆ దవడ వైపే చూస్తున్నారు. పద్మనాభయ్య కూర్చోవాలా నిలబడాలా తెలియక కుర్చీ పట్టుకున్నాడు.

పెంచలమ్మ ముందుకు వచ్చింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"మీరన్నా, నిజం చెప్పు. ఎందుకు తింటుండావది?"

నాగుల్ మీరా యజమాని వైపు చూశాడు. తర్వాత తన కాలు చాపి, పాదం మీద కాలిన మచ్చ చూపించాడు. చెప్పు జారడం, పొంగు, పొగగొట్టం, డాక్టరు గారి సుత్తి, బర్రెలు, అన్నీ వరసగా చెప్పాడు. గొంతు పెంచలేదు, ఎవర్నీ తిట్టలేదు. మధ్యమధ్యలో ముద్ద తింటూ చెప్పాడు.

పెంచలమ్మ మొహం మారిపోయింది. "మా కూతురు చెంచులక్ష్మికి కాన్పై మూడు నెలలు. బాలింతకని ఏరికోరి మూడు పట్ల బియ్యమే పెడుతుండా, ఉత్త కారప్పొడితో. పప్పు వాతమని, ఆకుకూర చలవని పెట్టలేదు. మొన్నట్నుంచి కాళ్లు తిమ్మిరంటుండాది. లేస్తే తూలుతుండాది."

"అయితే ఈ బియ్యం కోసం ఈడ కూర్చోబాక" అన్నాడు నాగుల్ మీరా. "ముందు బిడ్డనీ తల్లినీ నెల్లూరు తీసకపో. సూది పడాల. కూడు తర్వాత సంగతి. సాయంత్రం బస్సుకే పో."

ఆమె గంప అక్కడే వదిలేసి పోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నా వడ్లు మాత్రం కత్తి వదిలే ఆడించు" అని అరిచింది. దాంతో ఇంకో ఇద్దరు "మాకు కూడా" అన్నారు. మిగతావాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "నల్లగా ఉంటే మా మామ విస్తరి విసిరేస్తాడు" అని ఒకామె తెల్లగానే ఆడించుకుంది.

పద్మనాభయ్య చాలాసేపు గొణిగాడు. పొర ఉంటే పురుగు తొందరగా పడుతుందన్నాడు. అది నిజమే, పదిహేను రోజులకు మించి నిలవవు. తవుడు తగ్గిపోతుందన్నాడు. అదీ నిజమే, బర్రెలు చిక్కాయి. ఒక్క పట్టుకు ఇంజను నూనె తక్కువ తాగుతుందని నాగుల్ మీరా గుర్తు చేశాక కొంచెం మెత్తబడ్డాడు.

"సరే. అడిగినోళ్లకి వెయ్యి. అడగనోళ్లకి చెప్పబాక" అని తీర్పు ఇచ్చాడు.

నాగుల్ మీరా ఆ మాట జవదాటలేదు. ఎవరికీ తనంతట తాను చెప్పలేదు. కాకపోతే ఆ రోజునుంచి గంప తెచ్చిన ప్రతి ఆడమనిషినీ ఒక ప్రశ్న అడిగేవాడు, "అక్కా, కత్తి ఎట్టా పెట్టేది?" కత్తి ఎట్లా పెడితే ఏమవుతుందని వాళ్లు అడిగేవాళ్లు. అడిగినవాళ్లకు చెప్పొచ్చు కదా.

చెంచులక్ష్మి నెలన్నరకు నిలకడగా నడిచింది. బిడ్డకు కూడా ఏమీ కాలేదు. పెంచలమ్మ ఒక బుట్టెడు కోడిగుడ్లు తెచ్చి నాగుల్ మీరా ఇంట్లో పెట్టి, మళ్లీ పాత గొంతుతోనే బజారులో పడింది.

ఊరంతా మారిపోయిందని రాస్తే మా ఊరివాళ్లు నన్ను తంతారు. పదిమందిలో ముగ్గురు కత్తి వదిలించుకునేవాళ్లు, ఏడుగురు బిగించుకునేవాళ్లు. పెళ్లికీ తద్దినానికీ ఆ ముగ్గురు కూడా తెల్లబియ్యమే. జైతూన్‌బీ అక్క రోకలి మాత్రం అటకెక్కింది, ఈసారి ఆమే ఎక్కించింది. ఎక్కించాక మధ్యాహ్నాలు అరుగు మీద కాళ్లు చాపుకుని ఆకు నమిలేది. గోనెపట్టాను తీసుకెళ్లి కోళ్లగూటికి కప్పింది.

మొన్న, అంటే 1967లో, నేను మరకు వెళ్లాను. నాగుల్ మీరా అన్న బెల్టు జారకుండా దానికి రోజనం రాస్తున్నాడు. ఒకప్పుడు నాలుగు మెట్లకే ఆయాసపడిన మనిషి, మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు. నేను బెట్టుగా చెవి సందులోంచి పెన్సిలు తీసి, "మీరన్నా, నీ గురించి రాస్తుండా. ముడిబియ్యం తింటే నూరేళ్లు బతుకుతారని రాసేదా?" అన్నాను.

ఆయన బెల్టు మీంచి చూపు తిప్పలేదు.

"మా నాయన పుట్టినకాడ్నుంచీ దంచిన బియ్యమే తిన్నాడు. నలభై రెండేళ్లకి కలరాతో పొయినాడు. నూరేళ్ల సంగతి పైవాడిది, ఆయన పని నీకెందుకు? తిన్నన్నాళ్లూ కాళ్ల కింద నేల తెలుస్తుండాదని రాయి, చాలు. అది కూడా మీ ఇంట్లో ఏం ఉడుకుతుండాదో చూసుకుని రాయి. నిన్న మీ అమ్మ గంప తెచ్చి, 'కత్తి బిగించు మీరా, మా చెంచురామయ్యకి ఎర్రకూడు గొంతు దిగదు' అనిపోయింది."